ఐదు గంటల ప్యాకేజీ

ఆత్మకూరు బస్టాండు దాటి సందు మలుపు తిరుగుతున్న స్కూటీని, నంబరు ప్లేటు లేని నల్ల కారు వెనక నుంచి గుద్దింది. స్కూటీ మీది మనిషి ఎగిరి టెంకాయల బండి మీద పడ్డాడు. కారు ఆగింది. రివర్స్‌లో వచ్చింది. తలుపు సగం తెరుచుకుని, గ్లవుజు తొడిగిన చెయ్యి ఒకటి రోడ్డు మీది లాప్‌టాప్ సంచిని అందుకుంది. టెంకాయలు దొర్లి కాలవలో పడేలోపే కారు మాయమైంది.

చావాల్సిన మనిషి చావలేదు. దవడ విరిగింది. రెండు చేతులూ విరిగాయి. బతికాడు.

"అతని పేరు జోయల్" అన్నాడు చీఫ్ సురేంద్రబాబు.

నెల్లూరులో మూతబడిన ఒక ఫోటో స్టూడియో మేడ మీద, ప్రభుత్వ జాబితాల్లో ఎక్కడా కనపడని ఒక విభాగం ఉంది. దానికి ఆయన చీఫ్. ఎదురుగా నిలబడినవాడు పెంచలప్రసాద్, కోడ్‌నేమ్ గూడబాతు. కదిలే రైలెక్కగలడు, చీకట్లో గురి తప్పకుండా కాల్చగలడు, మూడు భాషల్లో అబద్ధమాడగలడు.

"నీకు కంప్యూటర్ వచ్చా?"

"ఆన్ చెయ్యడం వచ్చు సార్."

"ఆఫ్ చెయ్యడం?"

"కరెంటు పోతే అదే ఆఫ్ అవుతుంది కదా సార్."

చీఫ్ నిట్టూర్చి గోడ మీది మ్యాప్ దగ్గరికి వెళ్ళాడు. పెన్నా నది నీలం గీతగా వంకర్లు తిరుగుతోంది. సోమశిల డ్యామ్ కింద నుంచి సంగం దాకా గట్టు వెంట ఎర్ర చుక్కలున్నాయి.

"ప్రతి చుక్కా ఒక వరద హెచ్చరిక పోస్టు. ఒక డెస్క్‌టాప్, ఒక లౌడ్‌స్పీకర్. అందులో పనిచేసేది నాదం అనే ఆడియో సాఫ్ట్‌వేర్. ఓపెన్ సోర్స్. ఎవడి సొత్తూ కాదు, అందరూ కలిసి రాసింది, ఉచితం. కానీ రాసింది రాసినట్టు వాడలేం. దాన్ని పొట్లం కట్టాలి. డబుల్ క్లిక్ చేస్తే డెస్క్‌టాప్‌లో ఇన్‌స్టాల్ అయ్యేలా. ఆ పొట్లాన్నే ప్యాకేజీ అంటారు. మన పోస్టులకు దాన్ని కట్టేవాడు జోయల్ ఒక్కడే. జీతం లేదు. ఇష్టం కొద్దీ చేస్తాడు."

"అతన్ని ఎందుకు చంపాలనుకున్నారు?"

"కోబాల్ట్."

పెంచలప్రసాద్ వీపు నిటారుగా అయింది. కోబాల్ట్ విదేశీ ముఠా. అద్దెకు విధ్వంసం చేస్తుంది.

"జోయల్ పోయిన వారం పంపిన ప్యాకేజీలో వాళ్ళు విషం కలిపారని మన బెంగుళూరు ల్యాబ్ రిపోర్టు. హెచ్చరిక మోగాల్సిన సమయానికి దొంగ ప్రకటన వినిపిస్తుంది. ఒక్క ఊరు మునిగితే చాలు, దేశంలో ఇక ఎవరూ ఏ సైరన్‌నీ నమ్మరు. వాళ్ళకు కావలసింది అదే. పైన కుండపోత వానలు. సాయంత్రం ఆరుకు గేట్లు ఎత్తుతున్నారు."

"పోస్టులన్నీ ఆపేస్తే సార్?"

"వరద రోజున హెచ్చరికలు ఆపమంటావా?"

"మనుషుల్ని పంపితే?"

"పంపాం. వాగులు పొంగి సగం దారులు తెగిపోయాయి." చీఫ్ వాచీ చూసుకున్నాడు. "రోజూ ఐదింటికి సర్వర్ తలుపు తెరుచుకుంటుంది. కొత్త ప్యాకేజీ ఉంటే పోస్టులన్నీ వాటంతటవే తెచ్చుకుని ఇన్‌స్టాల్ చేసుకుంటాయి. ఐదులోపు విషం లేని ప్యాకేజీ వెళ్ళాలి. పోస్టులు నమ్మాలంటే ప్యాకేజీ మీద డిజిటల్ సంతకం ఉండాలి. ఆ సంతకం చేసే తాళం జోయల్ డెస్క్‌టాప్‌లో ఉంది. అది ఎక్కడుందో కనుక్కో. మిగతాది ఆమె చూసుకుంటుంది."

పక్క గది తలుపు తెరుచుకుంది. వాన వాసన మీదుగా ఒక ఖరీదైన సెంటు వాసన వచ్చింది.

"అశ్విత. బెంగుళూరు ల్యాబ్" అందామె చెయ్యి చాపుతూ. తెల్ల కాటన్ చీర, నల్లద్దాలు, పెదవుల మీద సగం నవ్వు. ఆమె లిప్‌స్టిక్ కింద భాగం తిప్పితే పెన్‌డ్రైవ్ బయటికొచ్చింది. "శుద్ధమైన ప్యాకేజీ ఇందులో ఉంది."

పెంచలప్రసాద్ తన చేతి వాచీ వైపు చూసుకున్నాడు. దానికి విషపు సూది ఉంది, మైక్రోఫోన్ ఉంది. ఈ పనికి రెండూ ఎందుకూ పనికిరావు.

* * *

ఆత్మకూరు ఆస్పత్రిలో జోయల్ దవడను తీగతో కట్టేశారు. రెండు చేతులకూ మోచేతుల పైదాకా పిండికట్లు. మాట్లాడలేడు, రాయలేడు, టైపు చెయ్యలేడు. విషయమంతా తెలిసిన ఒకే ఒక్క మనిషి ఒక మూటలా పడివున్నాడు.

మంచం పక్కన అతని భార్య కృపారాణి నిలబడే ఉంది.

"డెస్క్‌టాప్ ఉదయగిరిలో ఉండాది సార్. ఓబయ్యన్న మైక్ సెట్ అంగట్లో. మా ఆయన పని నేర్చుకునింది ఆడే. ఈయన ప్యాకేజీ కట్టినా, ఆఖరున పాస్‌వర్డ్ కొట్టేది ఓబయ్యన్న. ఇద్దరి చెయ్యి పడితేనే బయటికి పోతాది. వాళ్ళు పెట్టుకునిన కట్టుబాటు."

"ఫోన్ చెయ్యమ్మా ఆయనకు."

"ఎత్తడు సార్. అంగట్లో ఉంటే సౌండుకు ఇనపడదు. బయటికి పోతే ఫోన్ అంగట్లో పెట్టి పోతాడు." ఆమె గొంతు తగ్గించింది. "మా అత్త వెంగమ్మ, నా బిడ్డ ఏటి గట్టు కింద గుడిసెలో ఉండారు. ఆడ సెల్లు పలకదు. మైకులో హెచ్చరిక చెప్పేది నా గొంతే సార్, మా ఆయనే రికార్డు చేసినాడు. ఇంట్లో నా మాట ఒక్కటి ఇనదు మా అత్త. మైకులో అయితే ఇంటాది. అది మోగకపోతే ఆమె కదల్దు. మనుషులొచ్చి లాగినా కదల్దు."

పెంచలప్రసాద్ జీపు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడే అశ్విత వార్డులోకి వచ్చి, నల్లద్దాలు తీసి జోయల్ మీదికి వంగింది.

జోయల్ కళ్ళు పెద్దవయ్యాయి. గొంతులో నుంచి గురగురమని శబ్దం వచ్చింది. కాలితో మంచం పట్టీని తన్నాడు. మళ్ళీ తన్నాడు. కంటి చివర నుంచి నీళ్ళు చెవిలోకి జారాయి.

"ఏం చెప్పాలనుకుంటున్నాడు?" అన్నాడు పెంచలప్రసాద్.

"నొప్పి" అంది అశ్విత జాలిగా. "సిస్టర్! ఈయనకు ఏదైనా ఇవ్వండి."

నర్సు ఇంజెక్షన్ ఇచ్చింది. తన్నే కాలు నెమ్మదించి ఆగిపోయింది. కళ్ళు మాత్రం మూతపడే దాకా పెంచలప్రసాద్ మీదే ఉన్నాయి.

"గుర్తు మాట చెప్తేనే ఓబయ్యన్న మిషన్ ముట్టుకోనిస్తాడు" అంది కృపారాణి వాళ్ళ వెనకే వరండాలోకి వచ్చి. "సీతారామపురం బస్సు యాడ ఆగుతాది అని అడగండి. వచ్చినప్పుడు ఆగుతాది అంటాడు. అదే మన మనిషని లెక్క."

* * *

ఉదయగిరి కొండ నెత్తిన మబ్బు కూర్చుంది. దుర్గం గోడలు కనపడడం లేదు.

దారిలో కోబాల్ట్ కాపలా ఉండొచ్చని అశ్విత వేషాలు మార్పించింది. ఇప్పుడు వాళ్ళు గృహప్రవేశానికి మైక్ సెట్ మాట్లాడుకునే మొగుడూ పెళ్ళాలు. ఆమె తల నిండా కనకాంబరాలు. అతనికి పంచె, పెట్టుడు మీసం. వానకు మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది.

అంగడి లోపల చిన్న కొండలా హార్న్‌లు, బాక్సులు, వైరు చుట్టలు, యాంప్లిఫయర్లు. నడుమ బల్ల మీద పాత డెస్క్‌టాప్. దాని ముందు గళ్ళ లుంగీతో ఓబయ్య. బల్ల కింద కూర్చుని అతని భార్య ఆదిశేషమ్మ మైకు వైరుకు టేపు చుడుతోంది.

"సీతారామపురం బస్సు ఎక్కడ ఆగుతుంది?" అన్నాడు పెంచలప్రసాద్.

"ఇప్పుడే పొయ్యింది సామీ. రోంత ముందొచ్చుంటే దొరికుండేది."

పెంచలప్రసాద్ మింగుడుపడక నిలబడ్డాడు. ఇది జవాబు కాదు. "కాదు, బస్సు ఎక్కడ ఆగుతుంది?"

"పొయ్యిందంటే ఇనపడలా? ఇంకోటి రేపే. వాగు తగ్గితే."

"సీతారామపురం బస్సు!" అని అరిచాడు ఏజెంట్ గూడబాతు.

ఓబయ్య తలెత్తి మీసం వైపు చూశాడు. "ఓహో, అదా! వచ్చినప్పుడు ఆగుతాది. ముందే చెప్పొచ్చు గదా జోయల్ పంపించినాడని. మీసం సరిజేసుకో సామీ, జారిపోతా ఉండాది."

విషయం విన్నాక ఓబయ్య మొహం నల్లబడింది. జోయల్ చేతులు విరిగాయన్న మాట అతను రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. ఆదిశేషమ్మ టేపు కింద పెట్టేసింది.

"ఏ చేతులు సామీ వాడివి! గుండు పిన్ను అంత భాగాన్ని కూడా అంటించేవోడు."

నాలుగు దాటి చాలాసేపయింది. అశ్విత కుర్చీ లాక్కుని లిప్‌స్టిక్ తిప్పింది. పెన్‌డ్రైవ్ పెట్టింది. ఆమె వేళ్ళు కీబోర్డు మీద వానలా పడ్డాయి. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పైకి పరిగెత్తాయి.

పెంచలప్రసాద్ ఆమె వెనక నిలబడి చూశాడు. బాంబయితే వైరు కోసేవాడు. మనిషయితే మెడ పట్టేవాడు. ఇక్కడ అక్షరాలు పోతున్నాయి, అవి ఎటు పోతున్నాయో తెలియదు. ఆమె ఊరిని కాపాడుతోందో ముంచేస్తోందో తెర చూసి చెప్పలేడు. నమ్మడం తప్ప అతనికి వేరే పని లేదు.

"ప్యాకేజీ రెడీ" అంది అశ్విత. "సంతకం కావాలి. పాస్‌వర్డ్ కొట్టండి."

"కొడతా. ముందు టెస్టింగ్ కావాల గదా" అన్నాడు ఓబయ్య.

"ఏం టెస్టింగ్?"

"మైక్ టెస్టింగ్ చెయ్యకుండా మేము పెండ్లికే పోము తల్లీ. ఇది ఊర్లకు పొయ్యేది. ముందు ఈ మిషన్‌లోనే ఇన్‌స్టాల్ చేసి, కృపమ్మ మాట హార్న్‌లో ఇని, బాగుండాదంటేనే బయటికి. ఒకసారి సావింటికి పాటల డబ్బా పంపితే అందులో డాన్సు పాట మోగింది. శవాన్ని ఆడ పెట్టి నన్ను తరిమినారు. తప్పు నాది కాదు, జోయల్‌ది. ఆ పొద్దు నుంచీ ఇనకుండా ఏదీ పంపేది లేదు."

అతను మౌసు లాక్కుని డబుల్ క్లిక్ చేశాడు. తెర మీద పచ్చ గీత కదిలింది. నత్తలా కదిలింది.

"టైము లేదు!" అంది అశ్విత. మొదటిసారి ఆమె గొంతులో పగులు వినపడింది. "ఇన్‌స్టాల్ అయ్యే లోపు ఐదవుతుంది. పెంచలప్రసాద్, చెప్పండి ఇతనికి!"

"ఓబయ్యా, నది గట్టు కింద జోయల్ బిడ్డ ఉంది. ముసలామె ఉంది."

"ఆ బిడ్డకు అన్నప్రాసన నాడు మైకు కట్టింది నేనే సామీ. నాకు చెప్తావా?"

"అయితే కొట్టు!"

"ఇన్నాకే కొడతా."

పచ్చ గీత సగం దగ్గర ఆగింది. ఆలోచించింది. మళ్ళీ కదిలింది. గోడ గడియారంలో ముల్లు ఐదు మీదికి జరుగుతోంది. పెంచలప్రసాద్ బతిమాలాడు. బెదిరించాడు. ఊడిన మీసం పీకి పారేసి తన గుర్తింపు కార్డు చూపించాడు. ఓబయ్య కార్డు తిప్పి చూసి, ఫోటో బాగా లేదన్నాడు.

చివరికి ఏజెంట్ గూడబాతు నడుము నుంచి పిస్టల్ తీశాడు.

"పాస్‌వర్డ్ కొట్టు ఓబయ్యా."

"నీ కడుపు కాలా!" అని లేచింది ఆదిశేషమ్మ. "జోయల్ మనిషి అంటివి, తుపాకీ తీస్తివి!"

ఓబయ్య గొట్టం వైపు చూశాడు. చెయ్యి చాపి భార్యను వెనక్కి తోశాడు. కీబోర్డు ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క వేలుతో వెతికి వెతికి కొట్టాడు. తెర మీద పాస్‌వర్డ్ గడిలో ఒక్కొక్క చుక్కా పడింది.

"కొట్టినా. ఎంటర్ మాత్రం నా ఇష్టం."

"ఎంటర్!" అంది అశ్విత.

సరిగ్గా అప్పుడు పచ్చ గీత చివరికి చేరింది. ఇన్‌స్టాల్ పూర్తి. టెస్టు కోసం జోయల్ ముందే పెట్టివుంచిన హెచ్చరిక, దానంతట అదే హార్న్‌లో మోగింది. కృపారాణి గొంతే. అదే మెత్తదనం, అదే యాస.

"పెన్నా గట్టు ప్రజలారా. నీళ్ళు రావడం లేదు. ప్రమాదమేమీ లేదు. ఎవరి ఇండ్లలో వాళ్ళు ఉండండి. తలుపులేసుకుని పండుకోండి."

ఓబయ్య చెయ్యి కీబోర్డు మీది నుంచి వెనక్కి వచ్చింది.

"కృప అట్ట చెప్పలేదే" అంది ఆదిశేషమ్మ నెమ్మదిగా. "నేనాడే ఉంటిని రికార్డు చేసిన పొద్దు. లేచి గట్టెక్కండి అని చెప్పింది."

పెంచలప్రసాద్ తల తిప్పేలోపే అశ్విత కీబోర్డు లాక్కుంది. ఆమె రెండో చేతిలో చిన్న పిస్టల్ మెరిసింది. అది ఓబయ్య నుదుటికి ఆనుకుంది.

"కదలకు గూడబాతూ" అంది నవ్వుతూ. "పోయిన వారం ప్యాకేజీలో విషమేమీ లేదు. ఆ రిపోర్టు రాసింది నేను. విషం నా పెన్‌డ్రైవ్‌లోనిది, ఆ గొంతు కంప్యూటర్ పుట్టించిన నకలు. పొద్దున కారులోంచి లాప్‌టాప్ అందుకున్నదీ నేనే, అందులో తాళం లేదు. ఈ డెస్క్‌టాప్ ఎక్కడుందో మాకు తెలియదు. ప్రభుత్వ జీపులో కూర్చోబెట్టి నువ్వే తీసుకొచ్చావు. పాస్‌వర్డ్ కూడా నువ్వే కొట్టించావు."

ఆమె బొటనవేలు ఎంటర్ మీద పడింది.

పెంచలప్రసాద్ చేతిలో తుపాకీ ఉంది. గురి ఆమె గుండె మీదే ఉంది. కానీ ఎంటర్ పడిపోయింది. ఇప్పుడు కాల్చినా ప్యాకేజీ ఆగదు, ఓబయ్య మిగలడు. కళ్ళ ముందు జోయల్ కాలు మంచం పట్టీని తన్నుతూ కనపడింది.

కంప్యూటర్ టుంగుమంది. తెర మీద ఎర్ర అక్షరాలు పడ్డాయి. పాస్‌వర్డ్ తప్పు.

అశ్విత మళ్ళీ నొక్కింది. మళ్ళీ టుంగుమంది.

"అది పాస్‌వర్డ్ కాదు తల్లీ" అన్నాడు ఓబయ్య, నుదుటి మీద పిస్టల్‌తోనే. "ఆదిశేషమ్మ అని కొట్టినా. మా ఇంటామె పేరు. టెస్టింగ్ కాకముందే అసలుది ఎట్ట కొడతాననుకున్నారు?"

"అసలుది చెప్పు!" పిస్టల్ నొక్కుకుంది. "మూడు లెక్కపెడతాను. ఒకటి."

ఓబయ్య కళ్ళు పెంచలప్రసాద్ వైపు తిరిగాయి. "సామీ, నన్నేం చెయ్యమంటావు?"

చెప్పమంటే గట్టు కింది ఊళ్ళు. వద్దంటే ఈ మనిషి. పదిహేనేళ్ళ సర్వీసులో నేర్చుకున్నదేదీ ఈ రెండింటి మధ్య దారి చూపించలేదు.

"రెండు."

ఓబయ్య కళ్ళు మూసుకున్నాడు. పెదవులు బిగించాడు.

అంతలో చెవులు చిల్లులు పడేలా ఒక కూత లేచింది. మైకును హార్న్ మూతికి ఆనిస్తే వచ్చే కూత. పెద్ద పెద్ద సభల్లో ఉపన్యాసకులను పారిపోయేలా చేసే కూత. ఎప్పుడు దూరిందో, బల్ల కింద నుంచి ఆదిశేషమ్మ ఒక చేత్తో మైకు పట్టుకుని, రెండో చేత్తో యాంప్లిఫయర్ వాల్యూమ్ చివరికంటా తిప్పింది. అద్దాల బీరువా గలగలలాడింది. అశ్విత రెండు చేతులూ చెవుల మీదికి పోయాయి. ఒక్క రెప్పపాటు.

అది చాలు పెంచలప్రసాద్‌కి. ఆమె మణికట్టు విరిచాడు. పిస్టల్ హార్న్‌ల మధ్య ఎక్కడో పడింది. ఓబయ్య దంపతులకు కూత అలవాటే కాబట్టి, ఇద్దరూ చకచకా మైకు వైరుతో ఆమెను కుర్చీకి చుట్టేశారు.

గోడ గడియారం ఐదు కొట్టింది. ఎవరికీ వినపడలేదు. తెర మీద మాత్రం ఒక గీత వచ్చింది: ఈరోజు కొత్త ప్యాకేజీలు లేవు.

"నన్ను నాలుగు మాట్లు పిలిస్తే ఒకసారి పలకవు" అంది ఆదిశేషమ్మ మొగుడితో. "కంప్యూటర్లో కొట్టేదానికి మాత్రం నా పేరు గుర్తొచ్చిందా?"

"చావు ముందర ఇంకెవురు గుర్తొస్తారే?"

ఆమె మొహం తిప్పుకుని వైరు ముడి ఇంకాస్త బిగించింది. అశ్విత మూలిగింది.

* * *

ఆరు దాటాక కృపారాణి ఫోన్ చేసింది. పోలీసులు ఇప్పుడే కబురు తెచ్చారట. మైకు సరిగ్గానే మోగింది. వెంగమ్మ వలలు, మేకలు, మనవరాలితో సహా గట్టెక్కింది. ఎక్కుతూ, కోడలు అంత గట్టిగా అరవాల్సిన పనేముందని తిట్టిందట. చెబుతూ చెబుతూ కృపారాణి ఏడ్చింది. జోయల్‌కి మెలకువ వచ్చిందని, విషయం చెప్పగానే కాలు తన్నడం ఆపాడని చెప్పింది.

పెంచలప్రసాద్ అంగడి మెట్ల మీద తడిసిన పంచెతో కూర్చున్నాడు. ఓబయ్య టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి లోపలికి పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మళ్ళీ ఫోన్ మోగింది. చీఫ్.

"శభాష్ గూడబాతూ! కోబాల్ట్ ఇక్కడి నెట్‌వర్క్ మొత్తం దొరికిపోయింది. ఢిల్లీ నుంచి అడుగుతున్నారు, నీ పేరు పతకానికి పంపాలి. చివరి నిమిషంలో సరిగ్గా ఏం చేశావో చెప్పు, రాసుకుంటాను."

పెంచలప్రసాద్ లోపలికి చూశాడు. కుర్చీలో అశ్విత. బల్ల దగ్గర ఓబయ్య, పెన్‌డ్రైవ్‌ను పటకారుతో పట్టుకుని ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాడు.

"ఒక మనిషిని నా మాట వినేలా చెయ్యలేకపోయాను సార్" అన్నాడు. "అదొక్కటే చేశాను."